గూట్లో రేడియో నుంచి గోడలో స్పీకరు దాకా

మా పల్లెటూరి ఇంటి నడవాలో గోడకు ఒక గూడు ఉండేది. ఆ గూట్లో రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికే ఆ కేంద్రం మా ఇంటి మనిషిలా కలిసిపోయింది. పొద్దున్నే భక్తిరంజని వచ్చే వేళకు అమ్మ పెరట్లో పనిలో ఉండేది. ఆమెకు వినపడాలని నాన్న సౌండు పెంచితే నడవాలో చదువుకుంటున్న మాకు చెవులు గింగురుమనేవి. మా కోసం తగ్గిస్తే పెరట్లోంచి అమ్మ కేకేసేది. ఇల్లంతటికీ ఒకటే స్పీకరు మరి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. ఒకచోటి నుంచి అందరికీ వినిపించాలంటే దగ్గరున్నవాళ్ల చెవులు బలి కావాల్సిందే.

ఇప్పుడు నేను చేసే పని ఇళ్లలో సౌండ్ సిస్టమ్‌లు అమర్చడం. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు, ఫ్లాట్ కొనుక్కుని లోపలి పని చేయించుకునేవాళ్లు వచ్చి దాదాపు ఒకే మాట అంటారు. "ఇల్లంతా పాట వినపడాలండీ. హాల్లో సినిమా చూస్తే థియేటర్‌లా ఉండాలి. కానీ డబ్బాలు, వైర్లు ఎక్కడా కనపడకూడదు." న్యాయమైన కోరికే. ముచ్చటపడి కట్టుకున్న ఇంట్లో మూలమూలకీ నల్లడబ్బాలు ఎవరు పెట్టుకుంటారు? అయితే ఆ మాటలో రెండు వేరువేరు పనులున్నాయి. వాటిని విడదీసి చూడకపోవడం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

మొదటిది ఇల్లంతా పాట. వంట చేస్తుంటాం, బట్టలు మడతపెడుతుంటాం, వసారాలో కాఫీ తాగుతుంటాం. మనిషి కదులుతూ ఉంటాడు. పాట ఏ దిక్కునుంచి వస్తోందన్నది పట్టించుకోడు. దీనికి కావలసింది ప్రతి గదిలోనూ దగ్గరగా, చిన్నగా పలికే స్పీకర్లు. మా నడవా గూటికి సరిగ్గా తలకిందులు.

రెండోది సినిమా. ఇక్కడ మనిషి ఒకచోట కూర్చుంటాడు, చూపు ఒకవైపే ఉంటుంది. శబ్దం ఎటునుంచి వస్తోందన్నదే దీనికి ప్రాణం. మొదటి పనికి స్పీకర్లను నిశ్చింతగా పైకప్పులో దాచెయ్యవచ్చు. రెండోదానికి అలా కుదరదు.

గుంటూరులో ఒక ఇంటికి వెళ్లాను. నాకన్నా ముందు ఎవరో పనిచేసి, హాల్లో ఐదు స్పీకర్లనీ ఫాల్స్ సీలింగ్‌లోనే బిగించి వెళ్లారు. చూడ్డానికి చక్కగా ఉంది. గోడలు శుభ్రంగా, ఎక్కడా ఏమీ కనపడకుండా. ఇంటాయన సినిమా పెట్టారు. తెరమీద మనిషి మాట్లాడుతుంటే మాట మాత్రం మా నెత్తిమీద నుంచి వచ్చింది. "పురాణ నాటకంలో ఆకాశవాణి పలికినట్టుంది నాయనా, ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదు" అంది ఆ ఇంటి పెద్దావిడ. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మన చెవి దొప్పకు ఆ ముడతలు ఊరికే లేవు. ఎదురుగా వచ్చే శబ్దం ఆ ముడతల్లో ఒకరకంగా మారి లోపలికి వెళ్తుంది, పైనుంచి వచ్చేది మరోరకంగా మారుతుంది. ఆ తేడాను మెదడు పసితనం నుంచీ నేర్చుకుని ఉంటుంది. దాన్ని మనం మాయచేయలేం.

అందుకే ఏది దాచవచ్చో, ఏది దాచకూడదో చెవినే అడగాలి. చెవి ఒక విషయంలో మనకు పెద్ద వెసులుబాటు ఇచ్చింది. ఉరుము, డోలు, పేలుడు వంటి లోతైన శబ్దాలు, మనం బేస్ అంటామే, అవి ఎటునుంచి వస్తున్నాయో అది గుర్తుపట్టలేదు. సెకనుకు 80 సార్లు కంపించే శబ్దపు అల పొడవు పద్నాలుగు అడుగులు. మన రెండు చెవుల మధ్య ఎడం అరడుగు. అంత పెద్ద అల ముందు ఈ అరడుగు ఏం తేడా పట్టగలదు? అందుకే 80 హెర్ట్జ్ కన్నా కింది శబ్దాలను విడదీసి సబ్ వూఫర్ అనే ఒక్క పెట్టెకు అప్పగిస్తారు. దాన్ని సోఫా వెనక పెట్టండి, దివాన్ పక్కన పెట్టండి, మొక్కల కుండీ చాటున పెట్టండి, పరవాలేదు. తలుపులు మూసిన అలమరలో మాత్రం వద్దు. పెట్టెతోపాటు అలమరా మోగుతుంది. సబ్ వూఫర్ మోగేటప్పుడు ఒకసారి వంటింట్లోకి వెళ్లి నిలబడండి. స్టాండులో స్టీలు గిన్నెలు గలగలలాడుతున్నాయేమో, బీరువా తలుపు అదురుతోందేమో వినండి. ఆ గలగలను సినిమాలో దోషమనుకుని సర్వీసు వాళ్లను పిలిపించినవాళ్లున్నారు.

బేస్ ఇచ్చిన వెసులుబాటు మాట ఇవ్వదు. స, శ, త, క వంటి హల్లుల పదునంతా పై స్థాయుల్లో ఉంటుంది. ఆ శబ్దాలు వెలుతురు కిరణాల్లా సూటిగా వెళ్తాయి. అడ్డం వస్తే ఆగిపోతాయి. మన ఇళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు సినిమా చూస్తూ "ఏమన్నాడు?" అని పక్కవాళ్లను అడుగుతుంటారు. వయసుతో ముందుగా తగ్గేది ఈ పై స్థాయుల వినికిడే. అందుకని చుట్టూ వినిపించే సిస్టమ్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పెట్టించేది తెర కింద ఉండే మధ్య స్పీకరుకు. సినిమాలో మాటల్లో చాలా భాగం దానిగుండానే వస్తుంది. జనం మాత్రం దాన్ని చిన్నచూపు చూసి సబ్ వూఫర్ ఎంత పెద్దదని అడుగుతారు.

5.1 అన్న మాట మీరు వినే ఉంటారు. ముందు ఎడమ, మధ్య, కుడి మూడు, మనకు కాస్త వెనగ్గా రెండు పక్కలా రెండు, మొత్తం ఐదు. చుక్క తర్వాత ఒకటి సబ్ వూఫర్. ఈమధ్య 5.1.2 అంటున్నారు. ఆ చివరి రెండూ పైకప్పులోవి. డాల్బీ అట్మాస్ అనే పద్ధతి 2012లో సినిమా హాళ్లకు వచ్చింది, 2014 నుంచి ఇళ్లకు వచ్చింది. వాన, హెలికాప్టరు, గుడి గంట వంటి పైనుంచి రావలసిన శబ్దాలను అది పైనుంచే పంపుతుంది. పైకప్పు స్పీకర్లు సినిమాలో న్యాయంగా చేసే పని అది. ముందున్న మూడూ కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తులోనే ఉండాలి. టీవీకి తొమ్మిదడుగుల దూరంలో కూర్చుంటే ఎడమ, కుడి స్పీకర్లు తెర మధ్యనుంచి అటు ఐదడుగులు, ఇటు ఐదడుగులు ఉంటే చక్కగా కుదురుతుంది. చోటు చాలకపోతే నాలుగడుగులు చేయండి. అంతేగాని ఒకటి తలుపు మీద, ఒకటి కిటికీ పక్కన పెట్టకండి.

మరి ఈ మూడింటినీ ఎలా దాచడం? విదేశీ కేటలాగుల్లో గోడలోకి దిగిపోయిన స్పీకర్లు చూపిస్తారు. అక్కడ చాలా ఇళ్ల గోడలు చెక్క చట్రాలమీద కొట్టిన జిప్సం బోర్డులు. లోపల బోలుగా ఉంటాయి. కోసి దింపితే సరిపోతుంది. మనవి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. కొందరు గోడనే తొలిపించబోతారు, నేను ఒప్పుకోను. టీవీ వెనక ఇంటీరియర్ వాళ్లు ఎలాగూ ఒక చెక్క ప్యానెల్ కడతారు. ఆ ప్యానెల్‌ను గోడనుంచి నాలుగైదు అంగుళాలు ముందుకు కట్టించండి. బోర్డు మందంగా ఉండాలి, లోపల రాక్‌వూల్ నింపాలి. లేకపోతే ప్యానెల్ తానే తప్పెటలా మోగుతుంది. స్పీకర్ల ముందు గుడ్డ తెర వేయించండి. గుడ్డ ఎలాంటిదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. నోటి దగ్గర పెట్టుకుని ఊదండి. గాలి ఇట్టే అవతలికి వెళ్తే శబ్దమూ వెళ్తుంది. పలచని నూలు గుడ్డ పనికొస్తుంది, సందులున్న పేము అల్లిక పనికొస్తుంది. రెగ్జిను, దళసరి సోఫా గుడ్డ పనికిరావు. ప్లైవుడ్‌లో నాలుగు పువ్వులు కోసి జాలీ అంటారు చూడండి, అదీ వద్దు. సీలింగ్ స్పీకర్ల జాలీలకు పైకప్పు రంగు వేయించుకోవచ్చు. కానీ స్ప్రేతో పలచగా వేయాలి. బ్రష్షుతో దట్టంగా పూస్తే రంధ్రాలు పూడుకుపోయి స్పీకరు గొంతు నొక్కుకుపోతుంది.

ఇక గది. గృహప్రవేశం నాడు సామాను ఇంకా రాని ఇంట్లో పంతులుగారి మంత్రం ఎలా మోగుతుందో గుర్తుందా? నున్నటి టైల్సు, సున్నం గోడలు, సిమెంటు శ్లాబు, అన్నీ శబ్దాన్ని బంతిలా తిప్పికొట్టేవే. దాన్ని మనం రీసౌండ్ అంటాం. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి ఒక పని అప్పగించారు. అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఎవరేం చెప్పినా మాట మీద మాట పడి అర్థమయ్యేది కాదు. దాన్ని బాగుచెయ్యమన్నారు. ఆయన దగ్గర్లోని థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి గదిలో పరిచేవాడు. ఎన్ని మెత్తలకు ఎంతసేపట్లో శబ్దం చచ్చిపోతోందో లెక్కగట్టేవాడు. మళ్లీ తెల్లవారేలోగా వాటిని వాటి చోట చేర్చేవాడు. గదుల్లో ధ్వనికి ఈనాటికీ వాడే సూత్రం ఆ మెత్తల మోతలోంచే పుట్టింది. ఆయన పడ్డ కష్టం తల్చుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

మనకు అంత మోత అక్కర్లేదు. హాల్లో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చివర్లో జింగుమని తోక వినిపిస్తే, స్పీకర్లకు పెట్టే డబ్బులో కొంత తీసి నిండు కుచ్చిళ్లున్న దళసరి కర్టెన్లకు, టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి తివాచీకి, ఒక పక్క పుస్తకాల అరకు పెట్టండి. సోఫాను గోడకు ఆనించి వేసే అలవాటు మనకుంది. ఒక అడుగన్నా ముందుకు జరపండి. గోడల దగ్గర బేస్ పేరుకుపోయి మాటను మింగేస్తుంది. ఇవన్నీ చూసినవాళ్లకు ఇంటి అలంకరణలాగే కనిపిస్తాయి.

ఇప్పుడు వైర్ల సంగతి. ఇల్లు కట్టేవాళ్లు ఈ భాగం శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. ఎందుకంటే దీనికి గడువు ఉంది. శ్లాబు పోసే ముందు ఇనుము కట్టాక ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు వేస్తాడు. ఆ రోజు స్పీకర్లకు, నెట్‌వర్కుకు విడిగా పైపులు వేయించుకోకపోతే ఆ తర్వాత గోడలకు గాడి కొట్టించుకోవాల్సిందే. ఏ స్పీకరు కొనాలో అప్పటికి తేల్చుకోకపోయినా ఫరవాలేదు. ప్రతి గది నుంచీ ఒక పైపు ఒకేచోటికి, అంటే ఆంప్లిఫయరు ఉండబోయే అలమర దగ్గరికి రావాలి. పైపులో నైలాన్ తాడు వదిలేయమనండి, రేపు వైరు లాగడానికి. కరెంటు వైర్లున్న పైపులో స్పీకర్ వైరు కలపనివ్వకండి. రెండు పైపుల మధ్య అడుగు ఎడం ఉండాలి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కన సాగకూడదు. లేకపోతే సన్నటి హమ్మింగు జీవితాంతం వెంటపడుతుంది.

వైరు దళసరి గురించి ఒక లెక్క. ఇరవై మీటర్ల దూరానికి రానూపోనూ నలభై మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాని నిరోధం 0.46 ఓమ్‌లు, 2.5 అయితే 0.28. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు వైరు నిరోధం 0.4 దాటకుండా చూసుకోవడం మంచిది. అందుకని దూరపు గదులకు 2.5 వేయించండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చవగ్గా దొరుకుతుంది. పైకి అచ్చం రాగిలాగే ఉంటుంది. కొన గీరి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే తిప్పి పంపండి. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోయే మిమ్మల్ని కాపాడుతుంది.

పైకప్పు స్పీకర్ల విషయంలో చాలా ఇళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పకుండా ఉండలేను. హాల్లో ఒకటి, భోజనాల గదిలో ఒకటి బిగించి, ఒకదానికి ఎడమ, మరోదానికి కుడి ఇస్తారు. కర్ణాటక కచేరీ రికార్డింగుల్లో తరచు వయొలిన్‌ను ఒకవైపుకి, మృదంగాన్ని మరోవైపుకి సర్దుతారు. భోజనానికి కూర్చున్నవాళ్లకు మృదంగమే, హాల్లో కూర్చున్నవాళ్లకు వయొలినే పైకి తేలుతుంది. ఇల్లంతా వినే పాటకు రెండు వైపుల్నీ కలిపి ప్రతి స్పీకరుకూ అంతా ఇచ్చే మోనో అమరిక ఉండాలి. కొనేముందు అది ఉందా అని అడగండి. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనోలో చేసినవే. వాటి సొగసుకు ఏం తక్కువైంది? ఫ్యాన్ రెక్కల కిందా, రెక్కల అంచుకు మరీ దగ్గరా స్పీకరు వద్దు. తిరిగే రెక్క శబ్దాన్ని తునకలు చేస్తుంది.

పైపులు వేయడానికి వీల్లేని, ఇప్పటికే కాపురం ఉంటున్న ఇళ్లకు వైఫై స్పీకర్లు దారి. కరెంటు ప్లగ్గు ఒక్కటే చాలు. ఇక్కడ బ్లూటూత్‌కీ వైఫైకీ తేడా తెలియాలి. బ్లూటూత్ ఫోనుకీ స్పీకరుకీ మధ్య దగ్గరి దోస్తీ. రెండు గోడలు దాటితే తెగిపోతుంది. ఇల్లంతటికీ వైఫైయే సరి. అయితే మన కాంక్రీటూ ఇటుకా దాన్నీ అడ్డుకుంటాయి. ఐదు గిగాహెర్ట్జ్ వైఫైని మరింతగా అడ్డుకుంటాయి. హాల్లో ఒక రూటర్ పెట్టి మేడమీద పడకగదిలో పాట ఆగిందని బాధపడితే లాభం లేదు. అంతస్తుకో యాక్సెస్ పాయింటు, దానికి క్యాట్ 6 నెట్‌వర్కు కేబులు ఉండాలి.

గదిగదికీ పాట ఒకే క్షణంలో రావడం అంత తేలిక కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. అంటే పది మీటర్ల దూరం దాటడానికి ఒక సెకనులో ముప్ఫయ్యో వంతు పడుతుంది. ఒకే శబ్దం రెండుసార్లు చెవిలో పడినా, మధ్య ఎడం ఆ పాటిలో ఉంటే మెదడు రెండింటినీ ఒకటిగానే కలుపుకుంటుందని 1949లో హెల్ముట్ హాస్ పరిశోధనలో చూపించాడు. ఎడం బాగా పెరిగితే రెండు మాటలవుతాయి. వేరువేరు కంపెనీల స్పీకర్లను కలగలిపి, గదికొకటి పెట్టినప్పుడు గుమ్మం దగ్గర నిలబడితే తెలుస్తుంది, ఒకే పాట తనను తానే తరుముకుంటూ ఉంటుంది. ఒక కుటుంబానికి చెందిన స్పీకర్లే కొనమని నేను చెప్పేది అందుకే. టీవీ శబ్దాన్ని వైఫైలో వంటింటికి పంపితే ఒక్కోసారి సెకను పైన ఆలస్యమవుతుంది. హాల్లో క్రికెట్ చూస్తున్నవాళ్లు వికెట్ పడిందని కేక వేశాకే వంటింట్లో బంతి పడుతుంది. అలాంటి అవసరం ఉంటే కొనేముందే టీవీ పెట్టించి, పక్క గదిలోకి నడిచి విని చూడండి.

వైఫై స్పీకర్లను నడిపే యాప్‌లు, చిప్‌లు ఐదారేళ్లలో పాతబడతాయి. మంచి స్పీకరు ఇరవై ఏళ్లు పలుకుతుంది, రాగి వైరు గోడ ఉన్నంతకాలం ఉంటుంది. వీలుంటే స్పీకర్లు, వైర్లు మామూలువి పెట్టుకుని, తెలివితేటలన్నీ అలమరలో ఉండే ఒక్క పెట్టెలో ఉంచుకోండి. పాతబడితే ఆ పెట్టె ఒక్కటీ మార్చుకోవచ్చు. ఆ అలమరకు కింద, పైన గాలి ఆడే సందులుండాలి. మన మే నెలలో మూసిన అలమరలో ఆంప్లిఫయరు పొయ్యిమీద పెనంలా కాలుతుంది. దానికి కరెంటిచ్చే ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి, ఎర్తింగు సరిగా ఉండాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. బేస్ శ్లాబు పట్టుకుని కింది ఇంట్లోకి దిగుతుంది. సబ్ వూఫర్ కింద మందపాటి రబ్బరు మెత్తలు వేయండి. ఆంప్లిఫయరులో నైట్ మోడ్ ఉంటుంది. అది ఫిరంగిని తగ్గించి గుసగుసను పెంచుతుంది. పడుకున్న పసిపిల్లలున్న ఇంట్లో దానికన్నా ఉపయోగపడే మీట మరొకటి లేదు.

మీట అన్నాను కనుక మా ఇంటి సంగతి చెబుతాను. ఐదేళ్ల కిందట మా ఇంట్లో అంతా ఫోనుతోనే నడిచేట్టు అమర్చాను. నాకు గొప్పగా ఉండేది. పూజగది పైకప్పులో స్పీకరు ఉంది, 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడి ఇచ్చిన వేంకటేశ్వర సుప్రభాతం సిద్ధంగా ఉంది. అయినా పొద్దున్నే ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. అమ్మకు ఫోనులో యాప్ తెరవడం రాదు, నన్ను నిద్రలేపడం ఇష్టం లేదు. అది నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. వెంటనే పూజగది గుమ్మం పక్కన, లైటు స్విచ్చుల వరసలోనే, గుండ్రటి మీట ఒకటి పెట్టించాను. నొక్కితే పాట మొదలవుతుంది, తిప్పితే హెచ్చుతుంది, తగ్గుతుంది. మా నడవా గూట్లో రేడియోకు ఉన్న గుండీ అంత ఉంటుంది. ఇప్పుడు రోజూ ఐదు గంటలకు అమ్మ దాన్ని నొక్కుతుంది. పూజగదిలో, వంటింట్లో, పెరటి వసారాలో చిన్నగా సుప్రభాతం మొదలవుతుంది. పక్క గదిలో పిల్లలు నిద్రపోతూనే ఉంటారు.